వాగు దాటిన ఇంటిబండి

ఇంటిబండి నడపడం హార్లన్ పని. వెనక నిలబడి చేతులూపడం విల్మా పని. ఊళ్లో ఇల్లు అమ్మేసి కాపురాన్ని చక్రాల మీదికి మార్చిన నాటి నుంచీ అరిజోనా ఎడారిలో ఎక్కడ దిగినా ఇదే వరస. ముందుగా విల్మా నేలంతా నడిచి చూసేది. ఆ తర్వాత అద్దంలో కనబడేలా నిలబడేది. ఆమె అరచేయి అడ్డంగా పెట్టిందంటే బండి ఆగి తీరాలి. ఎందుకని అడగడానికి లేదు. అలా బండ్లలో కాపురముండే జంటలన్నింటికీ అదే కట్టుబాటు. దాన్ని తప్పి రాళ్లకూ చెట్లకూ గుద్దుకున్నవాళ్ల కథలు ఏ చలిమంట దగ్గరైనా వినబడతాయి.

ఈ చలికాలం హార్లన్ కుడికన్ను పోయింది. ఎడమది అంతంతమాత్రం. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని యూమాలో డాక్టరు గట్టిగా చెప్పాడు.

సర్కారు నేల మీద ఊరికే ఉండనిస్తారు గానీ రెండు వారాలు దాటితే చోటు మారాల్సిందే. ఆ గడువు వచ్చేసింది. బండికీ కంకరబాటకీ నడుమ ఎండువాగు ఉంది. వచ్చినప్పుడు వాన తడికి ఇసుక బిగిసి ఉండబట్టి సులువుగా దాటారు. ఇప్పుడది ఎండి పిండిలా ఉంది.

"నువ్వు నడపలేకపోతే అమ్మేద్దాం. ఒహైయోలో మా అక్క గది ఇస్తానంది," అన్నాడు హార్లన్ కాఫీలోకి చూస్తూ.

"ఆ గదికి కిటికీ ఉందా?"

"ఉంది. పక్కింటి గోడ కనపడుద్ది."

విల్మా కప్పు కడిగి బోర్లించి, తాళంచెవి అందుకుంది.

బండి కొనడానికి పక్క మకాంలోని డెల్బర్ట్ కాచుక్కూర్చున్నాడు. తన ట్రక్కునూ లాగుడు తాడునూ తెచ్చి అవతలి గట్టు మీద పెట్టాడు. పక్కన అతని భార్య ఒఫీలియా మడతకుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇది కుట్టుమిషను కాదు విల్మా, తొక్కితే పోవడానికి!" అని అరిచాడు డెల్బర్ట్.

"నీ నోటికైతే కుట్టుమిషనే కావాల," అంది ఒఫీలియా.

హార్లన్ గట్టెక్కి ఎదురుగా నిలబడ్డాడు. "నా చెయ్యే చూడు. ఇంకెటూ చూడమాక."

బండి ఇసుకలోకి దిగింది. సగం దూరం బాగానే వచ్చింది. అంతలో హార్లన్ అరచేయి లేచింది. విల్మా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇన్నేళ్లుగా తనూ అదే చెయ్యి చూపించిన మనిషి, దాన్ని కాదనడం ఆమెకెలా చేతనవుతుంది? మళ్లీ కదిలించబోతే వెనక చక్రాలు గిరగిరా తిరిగి ఇసుకలో కూరుకుపోయాయి.

"ఎందుకాపావు?"

"ఆ కొమ్మ తగులుద్దనుకున్నా."

అతను చూపించిన చెట్టుకొమ్మ బండికి రెండు బారల దూరంలో ఉంది. హార్లన్ దగ్గరికెళ్లి చేత్తో కొలుచుకుని, అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

"ఒంటికన్నుకి దూరమేదో దగ్గరేదో ఆనటంలేదు, విల్మా."

డెల్బర్ట్ తాడు విప్పాడు. "నే లాగేస్తా. బేరం తర్వాత మాట్లాడుకుందాం."

"తాడు చుట్టి పెట్టు," అంది విల్మా.

ఆమె బూట్లు విప్పి వాగంతా నడిచింది. అడుగడుక్కీ మడమతో నొక్కి చూసింది. ఎడమవైపు వంపులో ఇసుక కింద గులకరాళ్లు కాలికి తగిలాయి. అక్కడి దాకా చేరితే చాలు. చక్రాల ముందు ఇసుక తోడింది. ఇసుకలో దిగబడకుండా టైర్లు రొట్టెల్లా పరుచుకునేదాకా గాలి దించింది. లోపలి తివాచీలు లాక్కొచ్చి చక్రాల కిందికి దోపింది. హార్లన్ అడక్కుండానే పార అందుకున్నాడు.

"ఇప్పుడు నేనెక్కడ నిలబడను?"

"నా పక్కన కూర్చో."

"ముందర ఎవరూ ఉండరే!"

"అక్కర్లా. నేలంతా తొక్కి చూశాగా."

బండి తివాచీలెక్కింది, దిగింది, మళ్లీ ఇసుకలో పడింది. వెనకభాగం తోక ఊపినట్టు ఊగింది. అలమరలో కంచాలు గలగలమన్నాయి, బాణలి ఎక్కడో కింద పడింది. హార్లన్ లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. విల్మా స్టీరింగును ఎడమకు తిప్పింది. రాళ్లు చక్రాలకు పట్టునిచ్చాయి. గట్టు మీద డెల్బర్ట్ రెండు చేతులూ ఎత్తి ఆపమని కేకలేస్తున్నాడు. ఆ చేతులను విల్మా చూసింది. చూసి, యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కింది.

డెల్బర్ట్ పక్కకి దూకాడు. బండి ముక్కు ఆకాశానికి లేచింది, గట్టెక్కింది. కింద కంకర కరకరలాడింది.

ఒఫీలియా కుర్చీ దొర్లిపోయేలా లేచి ఈల వేసింది. విల్మా హారను మీద చెయ్యి వేసి, ఎదురుగా ఉన్న కొండ మారుపలికేదాకా తియ్యలేదు.

"మరి మన బేరం?" ఒళ్లు దులుపుకుంటూ వచ్చాడు డెల్బర్ట్.

"నీ గడువూ దగ్గరికొచ్చిందిగా? నీ బండి దాటించాలంటే చెప్పు, నడిపిపెడతా."

ఒఫీలియా నవ్వలేక పొట్ట పట్టుకుంది. కాసేపటికి డెల్బర్ట్ కూడా నవ్వాడు.

హార్లన్ గాలిపంపు తీసి ముందు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. దారి ఏనాడూ ఒకరిని అడిగిన మనిషి కాదతను. ఇప్పుడు తలెత్తి అడిగాడు.

"ఎటు పోదామంటావు?"

విల్మా స్టీరింగు ముందు నుంచి లేవకుండానే నాలుగు దిక్కులూ చూసింది. అన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"గాలి కొట్టు ముందు," అంది. "దూరమే పోతాం."