నాలుగు దెబ్బల ఖాళీ

కూర్మారావు బుగ్గలో కరక్కాయ ముక్క పెట్టుకుని, ఆటో టాపు మీద రెండో మైకు గొట్టాన్ని తాడుతో బిగిస్తున్నాడు. మొదటి గొట్టం మొహం ముందుకి, రెండోదాని మొహం వెనక్కి. పక్కలకి తిప్పితే మాట గోడలకి కొట్టుకుని ముక్కలైపోతుంది, జనానికి అరుపు తప్ప అర్థం చేరదు. పదిహేడేళ్ళుగా ఇదే తాడు ముడి, ఇదే కరక్కాయ వగరు. ముడి బిగించి, సీట్లో కూర్చుని, మైకు మీద వేలితో రెండుసార్లు తట్టి గొంతు సవరించుకున్నాడు.

మనిషిలో గుర్తుపెట్టుకోదగ్గదేమీ కనపడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు, కొంచెం ముందుకి వంగిన మెడ, చెవుల మీద నెరిసిన నాలుగు వెంట్రుకలు, మైకు స్విచ్చి నొక్కీ నొక్కీ కాయ కాసిన ఎడమ బొటనవేలు. రాయగడలో అతని మొహం ఎరిగినవాళ్ళు వీధికి ఇద్దరుంటే గొప్ప. గొంతు ఎరగనివాళ్ళు మాత్రం లేరు. చీరల తగ్గింపు, కంటి వైద్య శిబిరం, తప్పిపోయిన మేక, కుళాయి నీళ్ళు రాని రోజు, ఊరికి ఏ కబురైనా ఆ గొంతులోంచే దిగాలి. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి, సంతరోజైతే కొండల నుంచి దిగినవాళ్ళకోసం కువిలో నాలుగు ముక్కలు.

"ఆసంతు, ఆసంతు! రండి బాబూ రండి! బాపిరాజు వస్త్రాలయం వారి పాతికేళ్ళ పండగ! ఈ సాయంత్రం నాలుగు గంటలకి మైదానంలో, 'పద్నాలుగో మలుపు' పాడిన బిజయ్! మన కోరాపుట్ బిజయ్!"

మొన్న పద్మపూర్‌లో, నిన్న గుడారిలో ఇదే కేక. ఈరోజు ఊళ్ళో. కేక వేసినప్పుడల్లా వీధి చివర గోడకి తగిలి మాట తిరిగొస్తుంది, క్షణం ఆలస్యంగా. అది వింటేనే తను మాట్లాడినట్టు కూర్మారావుకి నమ్మకం. బిజయ్, బిజయ్ అని గోడలు కూడా అంటున్నాయి. ఆ పాట పాడింది ఇద్దరని గోడలకేం తెలుసు? రెండోవాడు ఈ ఆటోలో కూర్చుని అరుస్తున్నాడని ఊరివాళ్ళకే తెలియదు.

తొమ్మిదేళ్ళ కిందట బిజయ్ టెంటు హౌసులో సౌండు బాక్సులు మోసేవాడు. కోరాపుట్ పక్క పల్లెవాడు, అక్కడి దేశియా యాసలో తిట్టినా లయ తప్పకుండా తిట్టేవాడు. ఒక పెళ్ళిలో కరెంటు పోయినప్పుడు వాడు బాక్సు మీద దరువేస్తూ పెళ్ళివారిని వెక్కిరించాడు, దానికి కూర్మారావు పక్కనుంచి తెలుగులో జవాబు చెప్పాడు. భోజనాలు మానేసి జనం వీళ్ళ చుట్టూ మూగారు. ఆ రాత్రికి రాత్రే జంటకి పేరు పెట్టుకున్నారు, జోడు గొట్టాలు అని. దాన్ని హిప్ హాప్ అంటారని కూర్మారావుకి తరవాత బిజయ్ చెప్పాడు. అంతవరకూ అతను దాన్ని లయలో వేసే చాటింపే అనుకున్నాడు, అందులో పెద్ద తప్పు కూడా లేదు.

మొత్తం ఏడు పాటలు రికార్డు చేశారు. మొదటి రెండూ ఫోటో స్టూడియో వెనక, కూర్మారావు ప్రకటనలు రికార్డు చేసుకునే గదిలో, గోడలకి దుప్పట్లు కట్టి చేసినవి. మూడోది మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కాలనీ మీద కట్టారు. అక్కడ పుట్టే కరెంటు ఎక్కడెక్కడికో పోతుంటే పక్క కొండమీద బిజయ్ మేనమామ ఇంట్లో కిరసనాయిలు బుడ్డి వెలుగుతోందని దాని సారాంశం. నాలుగు వందల మంది విన్నారు. నాలుగోది బాగాలేదని ఇద్దరికీ తెలుసు. ఆరు, ఏడు ఎవరికీ గుర్తులేవు. మిగిలింది అయిదోది, 'పద్నాలుగో మలుపు'. ఘాట్ రోడ్డు మీద లారీ, దేశియాలో క్లీనరు మాటలు, తెలుగులో డ్రైవరు మాటలు.

"ఎక్కుతుంటే లోడు, దిగుతుంటే లోయ
మలుపవతల ఏటుందో సెప్పీవోడు లేడోయ్!"

ఈ డ్రైవరు గొంతు కూర్మారావుది. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగి రెండు ఖాళీలు వస్తాయి, ఒక్కోటీ దరువులో నాలుగు దెబ్బలంత. హిప్ హాప్‌లో పాడేవాడు తన పేరు తనే చెప్పుకోవాలట. మొదటి ఖాళీలో బిజయ్ తన పేరు కేకేశాడు. రెండోది కూర్మారావుది. అతను నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తీసుకున్నారు, మళ్ళీ రాలేదు. మూడోసారికి చెమట్లు పట్టాయి.

దానికి కారణం గంగయ్య, కూర్మారావు తండ్రి. పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ సినిమా హాలు రిక్షాలో బొమ్మల ప్రచారం చేసినవాడు. పన్నెండేళ్ళ కొడుక్కి మైకు ఇచ్చిన రోజున ఒక్కటే చెప్పాడు. "మైకులో మన పేరు రాకూడదురా. సరుకు పేరు రావాల, కొట్టు పేరు రావాల. మన పేరు సెప్పుకున్నామంటే జనం సరుకు మర్సిపోతారు." ఒకసారి సరదాకి తన పేరు చెప్పుకుంటే నడిరోడ్డు మీద చెంప పగిలింది. పన్నెండో ఏటి నుంచీ లక్షసార్లు మైకు పట్టుకున్నవాడి గొంతు ఆ ఒక్క మాట దగ్గర తాళం వేసుకుంది.

"పోనీ దాదా, ఖాళీగానే ఉండనీ. తరవాత పెడదాం," అన్నాడు బిజయ్. తరవాత అనేది రాలేదు.

వింతేమిటంటే పాటని నిలబెట్టింది ఆ ఖాళీయే. వినేవాళ్ళకి అక్కడ చేతులు ఊరుకోలేదు. బస్సుల్లో, కాలేజీల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో ఆ చోటు రాగానే నాలుగు చప్పట్లు పడేవి. ఆ చప్పట్ల వీడియోలు ఫోన్లలో తిరిగాయి. పాటల యాప్‌లో ఒడియా పాటల జాబితాలో నలభై మూడో స్థానంలో కనిపించింది, వారానికి పదకొండు, ఆ పైవారం రెండు. తొమ్మిది రోజులు రెండో స్థానంలోనే ఉంది. మొదటి స్థానంలో ఎవరిదో పెళ్ళిపాట తిష్ఠ వేసి కదలలేదు. ఆ తొమ్మిది రోజులూ కూర్మారావు గంటకోసారి ఫోను చూసుకున్నాడు. భార్య ఝాన్సీలక్ష్మి ఆ తెరని ఫోటో తీయించి దేవుడి పటాల పక్కన పెట్టింది.

ఆ తరవాత భువనేశ్వర్ నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది. అది ఎన్నికల కాలం. మూడు పార్టీలకీ వంతులవారీగా అరిచి అరిచి కూర్మారావు గొంతు పూర్తిగా పోయింది. ఇచ్చిన మాట తప్పకూడదని ప్రచారం ఆఖరి రోజుదాకా గుసగుసలాడుతూనే లాక్కొచ్చాడు. బిజయ్ ఒక్కడూ బండెక్కాడు. కొత్త పాటలు ఒక్కడే చేశాడు. కంపెనీవాళ్ళు పాత పాట కింద కూడా పాటలో వినపడిన పేరే రాశారు. మరో పేరు వినపడలేదు మరి, వాళ్ళని అనేదేముంది?

పదకొండింటికి బాపిరాజు కొట్టు ముందు ఆటో ఆపాడు. గల్లాపెట్టె వెనక బాపిరాజు కొత్త సిల్కు చొక్కాలో ఉన్నాడు.

"ఒరే కూర్మా, నిజంగానే ఎల్లిపోతన్నావేటి?"

"ఇయ్యాల ఆరున్నర బండికే బాబూ. ఇశాపట్నం దగ్గర కంపెనీలో వాచ్‌మన్ పని."

"మంచిదేలే. ఇంక ఈ పనిలో ఏటుంది? మా అమ్మి ఫోన్లో రాసిచ్చేసరికి ఆ ఫోనే సదివేస్తంది, మూడు బాషల్లోనూ. ఆడగొంతు. ఒకసారి ఇంటావా?"

విన్నాడు. తప్పు లేదు, దగ్గు లేదు, ఊపిరి పీల్చుకోవడం కూడా లేదు. నాలుగు నెలలుగా ఊళ్ళో ఒక్కొక్క కొట్టూ ఈ గొంతుకే మారిపోయింది. బాపిరాజు ఒక్కడే పాత మొహమాటానికి ఇన్నాళ్ళు ఆగాడు. బాగుంది బాబూ అనేసి కూర్మారావు బయటికొచ్చాడు. అబద్ధం కాదు, నిజంగానే బాగుంది.

మధ్యాహ్నం ఝాన్సీలక్ష్మి ఫోను చేసింది. సామాన్లతో వారం ముందే విశాఖపట్నంలో అన్నగారింటికి వెళ్ళిపోయింది.

"మావా, బండి టైము గుర్తుందా? ఆ బిజయ్ గాడి ఎనకాల పడి కూకోకు."

"లేదే. ఒక్క పాట అవగానే వచ్చెత్తాను."

"నిన్ను పైకి పిలుస్తాడంటావా?"

మూడు రోజులుగా కూర్మారావు ప్రాణమంతా అక్కడే ఉంది. భువనేశ్వర్ వద్దు, జాబితాలో స్థానం వద్దు. ఊరు వదిలేలోపు ఆ నాలుగు దెబ్బల ఖాళీలో ఒక్కసారి తన పేరు పెట్టాలి. చప్పట్లు పడతాయని తెలుసు. పడనీ, సంతలో వెయ్యి మంది బేరాల మీదుగా మాట వినిపించిన గొంతు అది. స్నానం చేస్తూ నీళ్ళ చప్పుడులో పేరు పలికి చూసుకున్నాడు. మొదటిసారి సిగ్గేసింది, పదోసారికి అలవాటైంది.

మూడున్నరకి వేదిక వెనక బిజయ్ కారు దిగాడు. చెవికి పోగు, నల్ల కళ్ళద్దాలు, కొంచెం ఒళ్ళు చేశాడు. కూర్మారావు దూరంగా నిలబడ్డాడు. గుర్తుపట్టడేమో అనుకుంటుండగానే వాడు అద్దాలు తీసేసి పరుగున వచ్చి కావలించుకున్నాడు.

"దాదా! నేను అడిగాను, నువ్వు ఎక్కడ ఉన్నావు అని. పైకి రావాలి, ఆఁ? మన మలుపు మనమే తిరగాలి."

"వస్తాను. ఒరే బిజయ్, ఆ ఖాళీలో... నా పేరు సెప్పుకుంటాను. ఒక్కసారి."

బిజయ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "అది నీదే దాదా. ఎవరు పెట్టమన్నా అక్కడ ఏమీ పెట్టలేదు నేను." వాడి కళ్ళు తడిసినట్టున్నాయి. దొంగమాట కాదు. కూర్మారావు గుండె అక్కడికక్కడే తేలికైపోయింది, ఇన్నేళ్ళ అక్కసు ఎటు పోయిందో తెలియలేదు.

పాట మొదలైంది. మైకున్న చోటికి చెప్పులతో ఎక్కకూడదు కనక వాటిని కుడివైపు మెట్ల దగ్గర విడిచి, మెట్టుని కళ్ళకద్దుకుని ఎక్కాడు. ఎదురుగా మైదానం నిండా మనుషులు. వాళ్ళలో సగంమంది తన కేక విని వచ్చినవాళ్ళే. లారీ డ్రైవరు వంతు రాగానే గొంతు విప్పాడు. ముందువరసలో ఒక పిల్ల పక్కదాన్ని మోచేత్తో పొడిచింది, "అమ్మీ, ఇది అచ్చం పాటలో గొంతేనే!" అని. కూర్మారావు విన్నాడు. ఆ క్షణాన అతను ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పడానికి మాటలు చాలవు.

మొదటి ఖాళీ వచ్చింది. "బిజయ్!" మైదానం మారుమోగింది.

రెండో ఖాళీ వచ్చింది. బిజయ్ అలవాటు ప్రకారం తన మైకుని జనం వైపు చాచాడు. బాక్సుల దగ్గర కూర్చున్నవాడు కూడా అలవాటు ప్రకారమే, చప్పట్లు బాగా వినపడాలని, వేదిక మీది మైకులన్నీ తగ్గించేశాడు. ప్రతి ఊళ్ళోనూ చేసే పనే అది. వాడికెవరూ వేరే చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తట్టలేదు. నాలుగు వేల చేతులు ఒక్కసారి కలిశాయి.

"కూర్మారావు!"

పెదాలు కదిలాయి. ఛాతీ అదిరింది. గోడల నుంచి తిరిగి రావలసిన మాటకోసం అతను చెవులు రిక్కించాడు. రాలేదు. నాలుగో చప్పట పడింది, వాయిద్యాలు అందుకున్నాయి, లారీ మలుపు తిరిగిపోయింది. మిగతా పాట ఎక్కడా తప్పకుండా పాడాడు. వృత్తి అలాంటిది, గుండె ఆగినా సరుకు పేరు పూర్తిచెయ్యాలి.

పాట అయ్యాక బిజయ్ చెయ్యి పైకెత్తి జనానికి చూపించాడు. "మన రాయగడ దాదా!" అన్నాడు. జనం ఈలలు వేశారు. అంతలో తరవాతి పాట దరువు మొదలైపోయింది. ఎడమవైపు మెట్ల మీదుగా దిగిన కూర్మారావు భుజాన్ని బాపిరాజు తట్టాడు.

"అదరగొట్టేసేవురా కూర్మా! నీలో ఇంతుందని నాకేటి తెలుసు? మద్దెలో ఏటో అన్నావు, ఏటది?"

"ఏటీ లేదు బాబూ."

ఆరు కావస్తోంది. కుడివైపు చెప్పుల దగ్గరికి పోవాలంటే జనం గోడలా ఉన్నారు. కూర్మారావు అటు ఒకసారి చూసి, ఇంక తనకి పనిలేని ఆటో తాళం బాపిరాజు చేతిలో పెట్టి, స్టేషను దారి పట్టాడు. దారిలో రెండు వీధుల్లో ఆడగొంతు రేపటి తగ్గింపుల గురించి తప్పులేకుండా చెబుతోంది. ఎవరూ అతన్ని ఆపలేదు, ఎవరూ పలకరించలేదు. ఆరున్నర బండి పావుగంట ఆలస్యంగా వచ్చి, అతన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

చీకటి పడేసరికి మైదానం ఖాళీ అయింది. టెంటు హౌసువాళ్ళు బాక్సులు దింపారు, తెరలు చుట్టారు, బల్లలు ఒక్కొక్కటీ లాగి లారీకెత్తారు. కుడివైపు మెట్లు తీసేటప్పుడు అడ్డొచ్చిన రబ్బరు చెప్పుల జతని ఒకడు కాలితో పక్కకి జరిపాడు, ఎవరివో వస్తారులే అనుకుని మళ్ళీ సరిచేసి పెట్టాడు. వేదిక లేని నేల మీద ఆ చెప్పులు, ఎడమదాని పట్టీకి నీలం తీగ కుట్టుతో, వేళ్ళ దగ్గర రెండూ అరిగి నున్నగా, ఇందాక వేదిక ఉన్న వైపుకే తిరిగి ఉన్నాయి.