బండి పోనాది

బీమా అంటే భీముడే. బండెడన్నం ఒక్కడే తినేసిన భీముడికి వట్టి బండి తినడం ఓ లెక్కా? దుర్గ్‌లో బీమా ఆఫీసు మెట్లెక్కుతూ ఈ మాట అప్పలసూరితో అన్నాను. అతను నవ్వలేదు. నా చతుర్లకి నవ్వని మనిషి భిలాయి మొత్తమ్మీద మా ఆవిడ లలితాంబ ఒక్కర్తే అనుకునేవాణ్ణి. ఆ రోజుతో ఇద్దరయ్యారు.

అప్పలసూరి చరోదా రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. పాత అంబాసిడర్ ఒకటి కొని టాక్సీ తిప్పుతున్నాడు. సెక్టర్ నాలుగులో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరికి విశాఖపట్నం రైలున్నా దుర్గ్ స్టేషనుకి అతనే చేర్చాలి. ఆ కారులో సగం అతని పీఎఫ్, సగం భార్య నూకమ్మ మెళ్ళో గొలుసు. నూకమ్మ రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయింది.

ఈ ‘పోవడం’ దగ్గరే ఉంది తిరకాసంతా.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఓ ఉదయం అప్పలసూరి కారు రోడ్డు వారగా ఆపి టీ తాగడానికి దిగాడు. బ్రేకులు తెగిన లారీ ఒకటి వచ్చి కారుని గోడకేసి అదిమేసింది. టీ గ్లాసు చేతిలో ఉండగానే అప్పలసూరి కారు అప్పడమైపోయింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు, అంతవరకూ నయం. అతను తిన్నగా మా క్వార్టరుకొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

“గోపాలం బాబూ, బండి పోనాది” అన్నాడు.

బీమావాళ్ళకి హిందీలో అర్జీ రాయాలి. నేను స్టీలు ప్లాంటు ఎకౌంట్స్‌లో గుమాస్తాని, హిందీ పరీక్షలు మూడు ప్యాసైనవాణ్ణి. పగలంతా అంకెల మధ్య నలిగేవాడికి అక్షరాలు దొరికితే ఆగుతాడా? ఒక్క ఊపులో రాసేసి, రాగయుక్తంగా చదివి వినిపించాను. అప్పలసూరికి అందులో సగం అర్థం కాకపోయినా అంతా నచ్చింది.

సుపేలాలో షెడ్డు ఉన్న మెకానిక్ రాజగోపాల్ కారు చుట్టూ ఓసారి తిరిగి, చాసిస్ వంగిపోయిందని తేల్చేశాడు. “దీన్ని బాగుచెయ్యడమంటే అప్పడాన్ని మళ్ళీ మినపగుళ్ళు చెయ్యడమే సార్” అన్నాడు. అంటే టోటల్ లాస్. కారు విలువంతా బీమా ఇవ్వాలి. పాలసీలో పన్నెండు వేలు. దాంతో ఇంకో పాత బండి వస్తుంది. కానీ ఆఫీసునుంచి వచ్చిన ఉత్తరంలో మరమ్మతు ఖర్చులకి మూడు వేలు మాత్రమే అని ఉంది. మూడు వేలకి టాక్సీ రాదు, స్టీరింగొస్తుంది.

“బండి నేకపోతే నానేటి సేత్తాను బాబూ? పొద్దున్న లేచి ఎక్కడికెల్తాను?” అన్నాడు అప్పలసూరి. అతను అడిగింది డబ్బు గురించి కాదని నాకు తెలుసు.

అందుకే ఈ ఆఫీసు మెట్లు. నష్టం లెక్కగట్టే సర్వేయరు పేరు శ్యామసుందర్ చంద్రాకర్. సర్వేయరే గాని, ‘సర్వే జనాః సుఖినో భవంతు’ అనే ముఖం కాదు. మొదటి రెండుసార్లూ పని ఒత్తిడిలో ఉండి “కల్ ఆయియే” అన్నాడు. హిందీలో ‘కల్’ అంటే నిన్నా, రేపూ కూడా. మనకి మాత్రం కలా, కల్లా.

మూడోసారి కూచోబెట్టి, నా అర్జీ నా ముందే పెట్టాడు. ఒక వాక్యం కింద ఎర్రగీత. ‘టక్కర్ కే బాద్ గాడీ చలీ గయీ.’

“మాస్టర్జీ, ఇది మీ రాతేనా?”

“నాదేనండి.”

“ఢీకొన్న తరవాత బండి వెళ్ళిపోయిందని మీరే రాశారు. వెళ్ళిందంటే నడిచినట్టేగా? మీరు జతచేసిన ఫోటోలో చూస్తే ఒక పక్కే కనిపిస్తోంది. నడిచే బండికి టోటల్ లాస్ ఎలా ఇమ్మంటారు?”

నా గుండె క్లచ్చు మీంచి జారింది. బండి పోయిందన్న మాటని తిన్నగా తీసుకెళ్ళి హిందీలో దింపేశాను. పోయిందల్లా వెళ్ళిపోయింది!

“సాబ్, మా తెలుగులో పోవడమంటే వెళ్ళడం ఒక్కటే కాదు. పరువు పోతుంది, జలుబు పోతుంది, కరెంటు పోతుంది...”

“బిజ్లీ మాకూ పోతుంది. మళ్ళీ వస్తుంది కూడా.” చంద్రాకర్ కళ్ళజోడు తీశాడు. “బయాన్ బదల్ రహే హైఁ? మాట మారిస్తే నేను కేసే మూసెయ్యాల్సి వస్తుంది.”

అప్పలసూరి నా చొక్కా లాగాడు.

“ఏటంటన్నారు బాబూ?”

“బండి పోయిందని రాశాను కదా. పోయిందంటే ఎక్కడికో వెళ్ళిందనుకున్నారు.”

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. ముప్ఫయ్యేళ్ళుగా అతను మాట్లాడేది రైల్వే హిందీ. అందులో ఆడా మగా తేడా లేదు, అందరూ మగాళ్ళే.

“సాబ్, హమారా నూకమ్మ భీ చలా గయా.”

“కౌన్ నూకమ్మా? కహాఁ గయా?”

“ఘర్‌వాలీ, సాబ్. దో సాల్ హో గయా. వాపస్ నై ఆయా.” మెల్లగా, “గాడీ భీ ఐసాయిచ్ చలా గయా” అన్నాడు. ఇంటిది పోయి రెండేళ్ళు, తిరిగి రాలేదు, బండీ అలాగే పోయిందని.

చంద్రాకర్ కలానికి మూత పెట్టాడు. నా అర్జీ మరోసారి చదివాడు. ఆ ‘గయీ’ దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. తరవాత కుర్చీ వెనక్కి తోసి, “చల్ గా, దేఖబో” అన్నాడు ఛత్తీస్‌గఢీలో. పద, చూద్దాం అని.

షెడ్డులో కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తలుపు రాకపోతే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. కారు దగ్గనైనా దగ్గలేదు. మోకాళ్ళ మీద కూచుని చాసిస్ చూసి, “ఏ తో సచ్‌ముచ్ చలీ గయీ” అన్నాడు. నిజంగానే పోయిందట!

ఇక బేరం. బండి పాతదని ఆయన తొమ్మిది వేల దగ్గర మొదలెట్టాడు. టైర్లు కొత్తవని నేను పదకొండు దగ్గర. పదివేల దగ్గర ఇద్దరం బ్రేకు వేశాం. అయితే ఒక షరతు. టోటల్ లాస్ ఇస్తే తుక్కంతా కంపెనీదే. ప్రతి సామానూ జాబితా రాసి అప్పజెప్పాలి.

అప్పలసూరి నా చెవిలో గొణిగాడు. “బాబూ, ఐదొందలు కోసీమనండి. ఆ లోపలద్దం నాకిచ్చీమనండి.”

అంత నుజ్జులోనూ డ్రైవరు ముందుండే ఆ అద్దం ఒక్కటీ చెక్కుచెదరలేదు. దాని మూల ఎర్రటి స్టిక్కరు బొట్టు ఒకటి అంటుకుని ఉంది.

“ఎక్కినప్పుడల్లా దాన్ని తనేపు తిప్పీసుకునీది బాబూ, బొట్టు సూసుకోడానికి. నీ ముకం నువ్వు సూసుకుంటే ఎనకొచ్చే లారీ నాకెలగ కనపడతాదే అని తిట్టీవోణ్ణి.”

ఇది చంద్రాకర్‌కి చెప్పాను. ఈసారి శ్లేషలు లేవు, చమత్కారం లేదు. ఒక్కో మాటా రెండుసార్లు తూచి చెప్పాను.

ఆయన రాజగోపాల్ దగ్గర స్క్రూడ్రైవరు తీసుకుని, అద్దం తనే ఊడదీసి అప్పలసూరి చేతిలో పెట్టాడు. అతను దాన్ని చొక్కాతో తుడిచాడు, బొట్టుని తప్పించి. జేబులో పెట్టుకున్నాడు. చంద్రాకర్ నూనె డబ్బా మీద కూచుని జాబితా రాశాడు. ఇంజను ఒకటి, టైర్లు నాలుగు, హెడ్‌లైటు ఒకటి. అద్దం అని రాసి, ఎదురుగా ‘చలీ గయీ’ అని రాశాడు. ఐదొందలు కొయ్యనూ లేదు.

“ఏటి రాసినారు బాబూ?”

“అద్దం పోయిందని.”

అప్పలసూరి కంగారుపడిపోయాడు. “అయ్యో, పోనేదండీ! ఇదిగో, నా జేబులోనే ఉన్నా...”

పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ నా నోరు మూసుకున్నవాణ్ణి కాను. అతని నోరు మాత్రం రెండు చేతులా మూసేశాను.