క్లెమ్ జీగ్లర్ చెవి

...ముక్కును బంతి పగలగొడుతుంది, మీసాన్ని మంగలి తీసేస్తాడు, నుదుటిని టోపీ సగం మింగేస్తుంది. చెవి ఒక్కటే, పుట్టిన మనిషిని పోయేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది, అనుకున్నాడు ఎల్డన్ హోస్టెట్లర్. అనుకుంటూనే తన చెయ్యి తన చెవి మీదికి పోవడం గమనించి, దాన్ని బల్ల మీదికి దించాడు.

బల్ల మీద దీపం కింద చిన్న కార్డు. వందేళ్ల కిందట సిగరెట్టు పెట్టెల్లో వేసి ఇచ్చిన బేస్‌బాల్ కార్డు. బొమ్మ కింద అచ్చులో 'జీగ్లర్, ఆల్టూనా' అని ఆటగాడి పేరు, జట్టు ఊరు ఉన్నాయి. ఇలాంటి పాత కార్డుల మీది ముఖాలను ఆటగాళ్ల వివరాలతో కలపడమే ఎల్డన్ పని: ఎక్కడ పుట్టాడు, ఎవరి తరఫున ఆడాడు, ఎక్కడ పూడ్చారు. ఆ పనిలో ఉన్నవాళ్లు ముఖాన్నీ, దాని కింది పేరునూ నమ్మరు. ఆ రోజుల్లో కార్డులు అచ్చువేసేవాళ్లు జట్టు పంపిన ఫోటోల దొంతరలో ఎవరి పేరు ఎవరికి తగిలించారో వాళ్లకే తెలియదు. అందుకని భూతద్దం పెట్టి చెవులు పోల్చి చూస్తారు.

క్లెమ్ జీగ్లర్ మనవరాలు మార్వా ఈ మధ్యాహ్నం కార్డు పట్టుకుపోవడానికి వస్తోంది. తాత సమాధికి ఇన్నేళ్లూ రాయి లేదు. ఇప్పుడు నల్లరాతి మీద ఆయన ముఖం చెక్కిస్తోంది. వరదలో ఇంట్లో ఫోటోలన్నీ పోయాయి, ఈ కార్డు ఒక్కటే దిక్కు. పోయిన నెల ఫోనులో "ఆయనే అయి ఉండవచ్చు" అన్నాడు ఎల్డన్. ఆమె చెవికి "ఆయనే" అన్నంతవరకే చేరింది.

తర్వాత దొరికింది జట్టు ఫోటో, కింద వరసగా పేర్లు రాసి ఉన్నది. వెనక వరసలో, మరొకడి భుజం చాటున, పక్కకు తిరిగి ఉన్నాడు అసలు క్లెమ్. కనిపించేదల్లా కాస్త చెంప, ఒక చెవి. ఆ చెవి తమ్మె విడిగా వేలాడుతోంది. కార్డు మీదివాడి తమ్మె చెంపకు అతుక్కుపోయింది. పైగా చెవి పైఅంచున, ఎలుక కొరికినట్టు చిన్న నొక్కు.

మరి ఇతనెవరు? జట్టులో అందరి చెవులూ వెతికాడు. ఏదీ కలవలేదు. ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలో తల పక్కకు తిప్పాడు. అతుక్కున్న తమ్మె, పైఅంచున నొక్కు: కత్తి చేతిలోనే ఆగిపోయింది.

ఎల్డన్‌ను పెంచింది లూథరన్ చర్చివాళ్ల అనాథాశ్రమం. ఇంటిపేరు కూడా వాళ్లు పెట్టిందే. నీ వాళ్లెవరు అన్న ప్రశ్నను చిన్నప్పుడే మింగేశాడు. అప్పటినుంచి అది లోపల ఎక్కడో, అరక్కుండా, చప్పుడు చెయ్యకుండా పడి ఉంది.

ఆ రోజు మొదలు కార్డును బోర్లించి పెడుతున్నాడు. వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి అది వెల్లకిలా ఉంటుంది. తానే తిప్పి ఉండాలి, ఇంట్లో ఇంకెవరూ లేరు. తిప్పినట్టు మాత్రం గుర్తుండదు. కార్డులోని మనిషి చూస్తున్నట్టు ఉండడు. వింటున్నట్టు ఉంటాడు. అందుకే ఎల్డన్ సూపు తాగేటప్పుడు చెంచా గిన్నెకు తగలనివ్వడం లేదు.

తలుపు దబదబ మోగింది.

"ఏమయ్యా, ఈ కొంపలో వేడి పెట్టుకోవా?" మార్వా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చింది. "శవాన్ని నెలరోజులు ఉంచినా చెడదు ఇక్కడ. ఇదిగో, ఆపిల్ పై చేసి తెచ్చాను. తిను, పీక్కుపోయావు."

"కూర్చోండి మార్వాగారూ."

"కూర్చుంటే లేవలేను." కార్డు తీసి కళ్ల దగ్గర పెట్టుకుంది. "ఇడుగో మా తాత! చూడు, దొంగమొహం. నానమ్మ తిట్టినప్పుడల్లా చెవుడు వచ్చేదట ఈయనకి."

"ఇంకొక్క వారం ఆగమనండి, రాయి చెక్కేవాణ్ని."

"ఎందుకూ? సోమవారం మొదలెడతానన్నాడు. ఇంకా ఆగితే ఆ రాయి మీదే నా పేరు కూడా కొట్టించుకోవాలి."

ఆమె కార్డు వేసుకోవడానికి కవరు తెరిచింది. ఎల్డన్ మాట్లాడకపోతే చాలు. ఆ ముఖానికి ఒక పేరు దొరుకుతుంది, ఆరడుగుల నేల దొరుకుతుంది, ఏటా మే నెలలో సమాధికి పూలు తెచ్చే మనవరాలు దొరుకుతుంది. ఆ ముఖానికి, అంటే ఎవరికి? నల్లరాతిలోంచి తన చెవి పొడుచుకు వచ్చి, కింద మరొకడి ఎముకల మాటలు వింటున్నట్టు తోచింది. భయం వేసింది. భయం కింద, సిగ్గుపడాల్సినంత ఆశ.

"ఏంటలా చూస్తావ్, నీ సొమ్మేదో ఎత్తుకుపోతున్నట్టు?"

"అది మీ తాత కాదు," అన్నాడు. జట్టు ఫోటో ఆమె ముందుకు తోశాడు. "ఈయన. ఈ భుజం వెనక."

మార్వా ఫోటోను దీపం కిందికి లాక్కుంది. "చెవి తప్ప ఏం లేదు కదయ్యా."

"మిగిలింది అంతే."

"మా తాత ఒక చెవా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. కార్డును గుండెకు ఆనించుకుంది. "ఇవ్వను పో. పేరు అచ్చేసి ఉంది. తాత కాకపోతే మరెవరు? చెప్పు చూద్దాం!"

గది అంతా చెవి ఒగ్గి ఉంది.

ఎల్డన్ దీపం దగ్గరికి వంగి, నెరిసిన జుట్టును వెనక్కి తోసి, తల పక్కకు తిప్పాడు.