కాకి రాని చోటు

పెద్దకర్మ నాడు కాలవగట్టున పెట్టిన విస్తరిని కాకి ముట్టలేదు. పొద్దువాలేదాకా చూసి బంధువులు భోజనాలకి కూర్చున్నారు. వీరవేణి కూర్చోలేదు. కొడుకు తినందే తనూ తిననంది. అప్పటినుంచీ మజ్జిగనీళ్ళే.

"వాడు పోయింది ఇక్కడ కాదు కదండీ. ఇక్కడికెలా వస్తాడు?" అంది భర్తతో.

అబ్బులు కారు మాట్లాడాడు.

నేషనల్ పార్కు బోర్డు దాటాక, ఘాట్ రోడ్డు మలుపులో జలపాతం. తుంపర రోడ్డు మీదికి కొడుతోంది. ఆవేళ స్నేహితులతో బైకుల మీద వచ్చిన కొడుకు లోవరాజు దాని కింద నాచుబండ మీదే జారాడు. ఇప్పుడా బండ మీద వేరే కుర్రాళ్ళు ఫొటోలు దిగుతున్నారు.

వీరవేణి కారు దిగలేకపోయింది. అబ్బులే పిట్టగోడ మీద విస్తరి పరిచి, అన్నం, చేపల పులుసు, గారెలు వడ్డించి వెనక్కి జరిగాడు. వెంటనే ఒక కోతి దూకింది. కండువాతో అదిలించాడు. అటునుంచి ఇంకొకటి వచ్చింది.

"బాబాయ్ గారూ, కోతులకి గారెలేంటండీ? మాకు చూస్తే చిప్సే గతి," అన్నాడు బండమీది కుర్రాడు. మిగతావాళ్ళు నవ్వారు.

"మా అబ్బాయికి బాబూ," అన్నాడు అబ్బులు.

"ఏంటండీ?" నీళ్ళ హోరులో వినబడక కుర్రాడు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. అబ్బులు ఆ మాట రెండోసారి అనలేకపోయాడు.

టీ బడ్డీ రత్తమ్మ ఒక కర్ర తెచ్చిచ్చింది. "కాకి కోసమా బాబుగారూ? కాకులు ఊళ్ళ దగ్గరుంటాయండి. ఇక్కడ ఏం పెట్టినా వీటి పాలే."

కర్ర పట్టుకుని విస్తరి పక్కన నిలబడ్డాడు. మనిషి నిలబడితే కాకి రాదు. పక్కకి తప్పుకుంటే కోతులు వస్తాయి. కాసేపు నిలబడ్డాడు, కాసేపు తప్పుకున్నాడు. అలా తప్పుకున్న ఒకసారి విస్తరి మొత్తం పోయింది. పిల్లకోతిని పొట్టకి హత్తుకున్న తల్లికోతి ఒకటి చెట్టెక్కి గారె కొరుకుతోంది.

కాకి వచ్చి తిందని చెబితే ఇవాళ వేణి అన్నం తింటుంది. ఒక్క మాట. కారు దాకా ఆ మాటే అనుకుంటూ నడిచి, తలుపు తీశాడు.

"వేణీ, ఇందాక ఒక కాకి..."

"అంతా చూశాను లెండి," అంది. తుంపర పట్టిన కారు అద్దం ఆమె వైపు తుడిచి ఉంది. "గారెలు దారిలో మెత్తబడ్డాయి. వాడికి మెత్తటివి నచ్చవు కదా. రేపు వేడిగా హాట్ బాక్సులో తెద్దామండి."

అబ్బులు కారెక్కి తలుపు వేశాడు. తర్వాత సరేనన్నాడు.