అక్క గొంతుకు సరిపడే ఆంప్

మా బోగోర్ ఊళ్ళో మధ్యాహ్నం దాటితే వాన పడాల్సిందే. పడకపోతే జనం గుమ్మాల్లోకి వచ్చి ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయంటే మా సందు మొత్తానికి స్వేచ్ఛ వచ్చినట్టే. అప్పటిదాకా పక్కింటి వాళ్ళ మొహం చూసి ఓపిక పట్టినవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెడతారు. ఒకాయన గోడకు మేకులు కొట్టుకుంటాడు, ఎదురింటావిడ బు ఇజా మిక్సీ వేస్తుంది, నేను గిటార్ తీస్తాను. ఆ హోరులో ఎవరి గోల వాళ్ళది, ఎవరూ ఏమీ అనుకోరు. వాన లేని వేళ చప్పుడు చేస్తే మాత్రం సందులో పరువు పోతుంది.

నేనూ మా అక్క ఎంతిన్ పెళ్ళిళ్ళలో కచేరీ చేస్తాం. అక్క పాడుతుంది, నేను గిటార్ వాయిస్తాను. నా పేరు రోస్తికా, కానీ అక్కకి ఇప్పటికీ నేను నెంగ్‌నే, అంటే చిట్టినే; నాకు తను తెతే, అంటే అక్కే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అక్క అలా కాదు. పెళ్ళిమండపంలో కరెంటు పోయినా, జనం ఈలలు వేసినా, నిద్రలోంచి అప్పుడే లేచినట్టు మెల్లగా నవ్వుతుంది.

అలాంటి అక్కకి గొంతులో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఆపరేషన్ అన్నారు. మాట తిరిగి వస్తుంది గానీ ఇదే గొంతు వస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. కూరలో ఉప్పు తక్కువైందని విన్నంత మామూలుగా అక్క తలూపింది.

అక్క బియ్యం కడుగుతూ పాడుకునే పాట ఒకటుంది. తనే కట్టుకుంది. సాలక్ కొండ మబ్బు దుప్పటి కప్పుకుని పడుకుంటే, కాసేపు లేపకమ్మా అని వానని బతిమాలే పాట. పెళ్ళిళ్ళలో దాన్ని ఎవరూ అడగరు, అక్కడ అందరికీ గంతులు వేసే పాటలే కావాలి. ఇన్నేళ్ళలో మేం దాన్ని ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు. స్టూడియోకి పోదామంటే అక్క ఒప్పుకోలేదు. ఆ చలిగదిలో గాజు అవతల ఎవరో చూస్తుంటే ఆ పాట రాదని, ఇంట్లో చాప మీద కూర్చుని అయితేనే పాడతానని అంది. నాది ఎలక్ట్రిక్ గిటార్, ఆంప్లిఫైయర్ లేకపోతే దాని నాదం రికార్డుకి చాలదు. ఇంట్లో అది ఉంటే కదా. కచేరీల్లో వాయించేది అద్దె సామాను. సరే, సోమవారం లోపల మంచి ఆంప్ ఒకటి కొని, పాట రికార్డు చేసి తీరాలని పట్టు పట్టాను.

సూర్యకెంచనా వీధిలో కో లియాంగ్ సంగీత సామాన్ల షాపు ఉంది. పాత రేడియోల మధ్య దారి చేసుకుని లోపలికి పోవాలి. పక్కన బట్టల కొట్టావిడతో ఆయనకు ఎప్పుడూ తగవే, అందుకని వాన పడుతుంటేనే శబ్దం పెంచనిస్తాడు. నేను వెళ్ళేసరికి కుండపోతగా కురుస్తోంది. మూలనున్న పెద్ద చెక్కపెట్టెకి గిటార్ తగిలించాను. వెనక బల్బుల్లాంటి గాజు వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఒక్క తీగ మీటాను. అబ్బ! ఆ నాదం నెమ్మదిగా లేచి వానలోకి పోయింది. ఎక్కడ నా తీగ ఆగిందో, ఎక్కడ వాన మొదలైందో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే మా చిన్నప్పటి ఇల్లు, తడిసిన అరటాకులు కనిపించాయి, బావి దగ్గర ముఖం కడుక్కుంటూ అక్క కనిపించింది. ఎంతసేపు వాయించానో నాకే తెలియదు. కో లియాంగ్ మెల్లగా భుజం తట్టి, టీ చల్లారిపోతోందని చెప్పాడు. పెట్టెను వ్యానులో ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు తిమ్మిరెక్కినా దించకుండా ఇంటికి తెచ్చాను.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. అక్క చాప పరిచి, జుట్టు ముడేసుకుని కూర్చుంది. ఆంప్ వేశాను. గుయ్యిమంటూ తేనెటీగలు ఇల్లంతా నిండినట్టు రొద. మా ఇంటి కరెంటుకి ఎర్తు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. శబ్దం తగ్గిస్తే తీగలో జీవం లేదు. పెంచితే బు ఇజా మనవడు ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వాన వస్తే గట్టిగా వాయించుకోవచ్చు, కానీ వాన హోరంతా మైకులోకి వచ్చేస్తుంది. వాన లేకపోతే రికార్డు చేయొచ్చు, కానీ ఈ పెట్టె పలికితే సందంతా మా మీద పడుతుంది. వానలో విని కొనేశాను. మా ఊరివాళ్ళు తప్ప ఇలాంటి పని ఇంకెవరూ చేయరు. నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను.

వెనక్కి పట్టుకెళ్తే కో లియాంగ్ నవ్వాడు. వానలో నచ్చినవన్నీ ఎండలో తిరిగొస్తాయట, ఆయన షాపు సగం అలాగే నిండిందట. మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చాడు. దానికి చెవులకు పెట్టుకునే ఫోన్లు తగిలించుకుంటే బయటికి చప్పుడే రాదు, పది రకాల పెద్ద ఆంప్‌ల గొంతులు అనుకరిస్తుంది. ఒంటినిండా మీటలు. ఒక మీట నొక్కితే పెద్ద హాల్లో వాయించినట్టు, ఇంకోటి నొక్కితే నీళ్ళ అడుగున వాయించినట్టు. చెవులు మూసుకుని ఆ నీళ్ళలో దిగిపోయాను. తల ఎత్తి చూసేసరికి అక్క చాప మీదే ఒత్తిగిలి కునుకు తీస్తోంది. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆ రోజు కూడా రికార్డింగు కాలేదు.

దాన్నీ తిప్పి పంపాను. మూడోది తెచ్చాను, దాని గొంతు రేకు డబ్బాలా ఉందని దాన్నీ వద్దన్నాను. శనివారం పొద్దున మళ్ళీ గొడుగు తీసుకుని బయల్దేరుతుంటే అక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికి?"

"ఇంకొక్కటి చూసొస్తా తెతే. కో లియాంగ్ దగ్గర కొత్త సరుకు దిగిందట."

"నువ్వు ఆంప్ చూడటం లేదు నెంగ్. సోమవారాన్ని ఆపుతున్నావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ గొంతుకు తగ్గట్టు ఉండాలనే కదా ఈ తిరుగుడంతా, నా కోసమా అని అరిచాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. అక్క అరవనిచ్చింది. నేను ఆగాక అంది, "నా గొంతు కోసమే అయితే, ఇన్నిసార్లు ఊరికే నువ్వొక్కదానివే వాయించి చూశావేం? ఒక్కసారన్నా నన్ను పక్కన పాడమన్నావా?"

నిజమే, అనలేదు. అక్క పక్కన పాడితే, ఇక అది ఆఖరిసారి అని ఒప్పుకున్నట్టవుతుందని నాకు భయం. ఆ మాట పైకే అనేశాను. అక్క నా గొడుగు తీసుకుని మూలన పెట్టింది. వాన రాకముందే వెళ్దామంది.

ఎండలో మమ్మల్ని చూసి కో లియాంగ్ కంగారు పడ్డాడు. బట్టల కొట్టావిడ మీదపడి రక్కుతుందని మొరపెట్టుకున్నాడు. చిన్నగానే పాడతానని అక్క ఆయన్ని కూర్చోబెట్టి, తానూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. నేను ఒక్కో పెట్టెకీ గిటార్ తగిలించి అదే పాట అందుకున్నాను, అక్క పక్కన పాడింది. వాల్వుల పెట్టె దగ్గర తన మెడ నరాలు పొంగాయి. మీటల పెట్టె దగ్గర తను ఎక్కడో దూరంగా, ఇంకెవరిదో ఇంట్లో పాడుతున్నట్టుంది. గిటార్ ఒక్కటే విన్నప్పుడు ఇవేవీ నాకు పట్టలేదు. అక్క షెల్ఫు కింది వరసలో ఉన్న అన్నం గిన్నెంత పెట్టెను చూపించింది. చిన్నపిల్లలు నేర్చుకోవడానికి కొనేది. అసలది ఆంపేనా అని నేను మూతి విరిచాను.

"పెట్టి చూడు, నష్టమేముంది," అంది అక్క.

పెట్టాను. ఆ బుల్లిపెట్టె ఆర్భాటమేమీ లేకుండా నా తీగని ఉన్నదున్నట్టు చెప్పింది. అక్క దాని వైపు కొంచెం వంగి, పక్కన పడుకున్న పిల్లకి చెప్పినట్టు పాడింది. గొంతు పెంచాల్సిన పనే పడలేదు. పెళ్ళిమండపాల్లో ఇన్నేళ్ళు పక్కనే నిలబడ్డాను గానీ, పాదానికీ పాదానికీ మధ్య అక్క తీసుకునే ఆ చిన్న ఊపిరి నేనెప్పుడూ వినలేదు. బట్టల కొట్టావిడ చేతిలో చీరమడత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తగవు పెట్టుకోలేదు. పాట అయ్యేదాకా నిలబడి వెళ్ళిపోయింది.

ఆదివారం వాన ఎప్పటిలాగే వచ్చి వెళ్ళింది. వెలిశాక మా సందులో ఒక మత్తు వేళ ఉంటుంది. చప్పుళ్ళు చేసేవాళ్ళు అలిసిపోయి ఉంటారు, పిల్లలు నిద్రపోతుంటారు, ఎవరింట్లోనో అల్లం నీళ్ళు మరుగుతున్న వాసన గోడలు దాటి వస్తుంది. కొండ కనబడదు, అది ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఉంటుంది. కొనుక్కొచ్చిన బుల్లిపెట్టె పక్కన చాప మీద ఫోన్ పెట్టి, దానికి చిన్న మైకు తగిలించాను. మా కరెంటు మారలేదు కాబట్టి ఈ పెట్టెలోనూ సన్నగా గుయ్యిమంది. నేను మొహం చిట్లించేలోపే అక్క కళ్ళు మూసుకుని, ఆ రొదనే శ్రుతిగా పట్టుకుని సన్నగా అందుకుంది. నేను గబగబా తీగలు దానికి కలిపి వెంట వెళ్ళాను.

పాడుతున్నంతసేపూ ఇల్లు నేల మీద లేదనిపించింది. మేమిద్దరం ఆ చాపతో పాటు పొగలోకి తేలిపోతున్నామనిపించింది. చూరు నీళ్ళు అక్కడక్కడా పడుతున్నాయి, పడనిచ్చాను. చివరి మాట దగ్గర అక్క గొంతు ఒక్క క్షణం బీటలు వారి మళ్ళీ కలిసింది.

ఇంకోసారి చేద్దామని నోటిదాకా వచ్చింది. అక్క నా మొహంలో అది చదివేసి, "చాలు నెంగ్," అంది. చాలు అనిపించలేదు. ఎన్నిసార్లు పాడినా నాకు చాలేది కాదు. అయినా ఫోన్ ఆపేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత చాలా రోజులు మాట్లాడకూడదన్నారు. అక్క సైగలు చేసేది, నేను అర్థం కానట్టు నటించి ఏడిపించేదాన్ని, తను గరిటె విసిరేది. రికార్డు చేసిన పాటను మాత్రం ఇద్దరం ముట్టుకోలేదు.

మాట్లాడవచ్చని డాక్టరు చెప్పిన రోజు ఇంటికొచ్చి, అక్క మొదటిసారి ఆ పాట పెట్టమని సైగ చేసింది. పెట్టాను. గోడకి ఆనుకుని మొత్తం విన్నది. అయిపోయాక నోరు తెరిచింది. వచ్చిన గొంతు నాకు తెలియదు. లావుగా, గరుకుగా, కింద ఎక్కడి నుంచో వచ్చింది.

"బాగా పాడిందే ఆ పిల్ల," అంది, పరాయివాళ్ళ గురించి చెప్పినట్టు. "నేనంత పైకి పోలేను. నాకు శ్రుతి దించు."

నాకు ఏడుపు ఆగలేదు. గిటార్ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

"తర్వాత ఏడుద్దువు గానీ, ముందు తీగలు వదులు చెయ్యి," అంది అక్క.

వదులు చేశాను. అక్క ఆ కొత్త గొంతుతో మొదటి పాదం అందుకుంది. ఆంప్‌ని బాగా తగ్గించాను, అయినా నా తీగే పైకి వినిపించింది. ఇంకా తగ్గించాను. అప్పటికీ అక్క మాటలు సరిగా అందలేదు. చాప మీద జరిగి, అక్క మోకాలికి నా మోకాలు ఆనేంత దగ్గరగా కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి వాయించాను.