పనితీరు సంతృప్తికరంగా లేదు

ఆ మాట భీమశంకరరావుగారు చాలా మెల్లగా చెప్పారు. చెప్పే ముందు గౌరీశ్వరికి కుర్చీ చూపించి, మంచినీళ్లు కూడా తెప్పించారు.

"ప్రొబేషన్‌లో ఉన్నారు కదమ్మా. పనితీరు సంతృప్తికరంగా లేదని రిపోర్టు వచ్చింది. ఇవాళ్టితో మీ ఉద్యోగం ఆపేస్తున్నాం."

గాజువాక దాటాక ఉన్న ఆ రొయ్యల ఎగుమతి కంపెనీకి ఆయన మేనేజరు. గౌరీశ్వరి అక్కడి ల్యాబులో పని చేస్తుంది. పై దేశాలకు వెళ్లే రొయ్యల్లో మందుల అవశేషాలేమైనా మిగిలాయేమో పరీక్ష చేసి చూడటం ఆమె పని. చేరి ఐదు నెలలైంది. ఆరో నెల నిండగానే పర్మనెంట్ చేస్తామన్నారు. తను కడుపుతో ఉన్నానని, కాన్పుకి సెలవు కావాలని కిందటి వారం ఆమే వెళ్లి చెప్పింది. దాచడం ఇష్టం లేక చెప్పింది.

పక్క కుర్చీలో ల్యాబ్ ఇన్‌చార్జి ప్రేమలీల మేడమ్ కూర్చుని ఉన్నారు. తల ఎత్తలేదు.

"నా పనిలో ఏం తప్పొచ్చింది సార్?"

"ఫలానా తప్పని కాదమ్మా. మొత్తం మీద."

"ఈ నెల జీతం?"

"అకౌంట్స్ వాళ్లు చూస్తారు. ప్రొబేషన్ వాళ్లకి కొంచెం ఆలస్యమవుతుంది."

ఆమెకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు సూది మందు వేస్తే దవడ మొద్దుబారినట్టు ఒళ్లంతా మొద్దుబారింది. తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి బయటికొచ్చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏటమ్మా, పూట సెలవా?" అంటే ఔనంది.

ఇంట్లో చెప్పలేదు. దాచాలనీ అనుకోలేదు. నోరు పెగల్లేదంతే. పోర్టులో క్రేను నడిపే ఆమె మొగుడు తిరుమలరావు డ్యూటీ దిగి వచ్చి ఆమె మొహం చూశాడు.

"ఏటే, అలాగున్నావ్? వాంతులవుతన్నాయా?"

"నేదు. నాను బాగానే ఉన్నాను."

మర్నాడు పొద్దున్న మామూలుగానే క్యారేజీ కట్టుకుని బస్సెక్కింది. దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె దిగలేదు. దువ్వాడలో దిగి, స్టేషన్‌కి నడిచి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని బెంచీ మీద కూర్చుంది. బళ్లు వచ్చాయి, పోయాయి. బొగ్గు వ్యాగన్లు ఎంతకీ తెగకుండా సాగుతుంటే చూస్తూ ఉండిపోయింది. భోజనాల వేళకి క్యారేజీ విప్పి తింది. ఆకలేసి కాదు, ఆ వేళకి తినడం అలవాటు కాబట్టి. సాయంత్రం ఇంటికి వెళ్లింది. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. టీ అమ్మే నూకాలు, ఈవిడ ఎవరి కోసమో చూస్తోందనుకుని ఏమీ అడగలేదు.

ఆ శనివారం ప్రేమలీల తన తల్లిని రైలెక్కించడానికి వచ్చారు. ఆవిడ ఇల్లు దువ్వాడలోనే. బండి కదిలాక వెనక్కి తిరిగేసరికి బెంచీ మీద గౌరీశ్వరి కనిపించింది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"ఆఫీసుకి వచ్చాను మేడమ్," అంది గౌరీశ్వరి.

ప్రేమలీల ఆమె పక్కన కూలబడ్డారు.

"ఆ రిపోర్టు నేను రాయలేదు. నీ పని బాగుందనే రాసిచ్చాను. నువ్వు సెలవు సంగతి చెప్పాక మేనేజరుగారు మార్చి రాయమన్నారు. రాయనన్నాను. ఆయనే ఇంకోటి రాసుకున్నారు. ఆ రోజు గదిలో మాత్రం నోరు విప్పలేకపోయాను."

"పర్లేదు మేడమ్."

"పర్లేదేంటి! ప్రొబేషన్‌లో ఉంటే చట్టం వర్తించదనుకుంటున్నావా? ఎనభై రోజులు పని చేస్తే చాలు, జీతంతో కాన్పు సెలవు నీ హక్కు. కడుపుతో ఉండగా తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టడానికి లేదు. ఆఖరి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. అన్నీ కనుక్కున్నాను. సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్దాం. నేనొస్తాను."

"మీ ఉద్యోగం మేడమ్?"

"అది తర్వాత."

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది.

"మరి ఇన్నాళ్లూ ఎక్కడికెల్లేవే?"

"దువ్వాడ టేసనుకి."

తిరుమలరావు మంచం మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడవాల్సింది నేను కదా అనుకుంటూ ఆమె అతన్నే చూస్తూ నిలబడింది.

లేబర్ ఆఫీసులో విచారణ రోజున భీమశంకరరావు పాతపాటే పాడారు. అధికారిణి విని, "ఈ అమ్మాయి పని రోజూ చూసిందెవరు?" అని అడిగింది.

ప్రేమలీల లేచి నిలబడ్డారు. "నేనండి. పనిలో వంక పెట్టడానికేం లేదు. సెలవడిగిందని తీసేశారు."

"ఏం తప్పు చేసిందో ఒక్కటి చెప్పండి," అని అధికారిణి మేనేజరు వైపు తిరిగింది. ఆయన ఫైలు తిరగేశారు. మళ్లీ తిరగేశారు. "ప్రొబేషన్ పెట్టుకున్నది పని చూడటానికండీ. పురిటి ఖర్చు తప్పించుకోడానికి కాదు," అందావిడ.

కేసు ముదిరితే బయట పేరు పోతుందని కంపెనీ దిగొచ్చింది. తీసేసిన ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఆగిన జీతం ఇచ్చి, కాన్పు సెలవుకి ఒప్పుకుంది. తిరుమలరావు ఆ కబురు విని కోవా బిళ్లలు తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు.

"సంతోసంగా నేదా?"

"ఉంది," అందామె. తీపి తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

కాన్పుకి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఆమె మళ్లీ పనిలో చేరేసరికి ఇన్‌చార్జి సీట్లో వేరే మనిషి ఉన్నాడు. ప్రేమలీలని భీమవరం బ్రాంచికి వేశారట, ఆవిడ రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారట. తోటివాళ్లు గౌరీశ్వరితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆమె మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"వేరే ల్యాబులో చేరానమ్మా," అన్నారు ప్రేమలీల. "ఇక్కడా ఆరు నెలలు ప్రొబేషనంట. ఈ వయసులో!" అని నవ్వారు.

గౌరీశ్వరి ఏదో అనబోయింది. గొంతుకి ఏదో అడ్డం పడింది. చాలా రోజుల తర్వాత అదొక్కటే ఒంట్లో నొప్పిగా తెలిసింది.

"విన్నావా? అన్నం తిన్నావా లేదా?"

"ఇంకా లేదు మేడమ్."

"ముందు తిను, తర్వాత మాట్లాడుకుందాం."

ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఆమె కాసేపు అక్కడే కూర్చుంది. లోపల కొత్త లోడు తాలూకు శాంపిళ్లు వచ్చాయని ఎవరో పిలిచారు. కళ్లు తుడుచుకుని లేచి వెళ్లింది.