నీళ్ల అడుగున పేరు

…అట్ల ఉరకకు స్రవ్యా, బిడ్డా. మెల్లగ రాయి. మన కోమలవల్లి కొడుకుకు, గదే మీ శ్రీనాథ్ మామకు, ప్లాస్టిక్ పిచ్చి ఎప్పుడు పట్టిందో ఎవ్వరికీ తెల్వదు. పట్టిందని మాత్రం అందరికీ తెల్సు. ఈ ముసలిదాని మాటలు నువ్వు బడిల నేర్చిన తీరుగ సాపు చేసి పెట్టు.

యాకుత్‌పురాలో రామలింగం ఇల్లంటే రాజకీయాల ఇల్లు. రామలింగం తండ్రి వార్డు మెంబరు. రామలింగం కార్పొరేటర్. అతని తమ్ముడు పార్టీ ఆఫీసులో పెద్దమనిషి. పొద్దున లేచేసరికి వాకిట్లో చెప్పులు గుట్ట పడి ఉండేవి. పింఛను రాలేదని ఒకరు, మోరీ పొంగిందని ఒకరు. రామలింగానికి ఉన్న ఒక్క కొడుకు శ్రీనాథ్, ఆ చెప్పుల మధ్య దారి చేసుకుని బయటికి నడిచేవాడు. ఎవరైనా నమస్తే పెడితే తలూపేవాడు గానీ వాళ్ల పేర్లు గుర్తుండేవి కావు. వాళ్ల చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మూత ఏ రంగో మాత్రం సాయంత్రం దాకా గుర్తుండేది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక ఒక రేకుల షెడ్డు అతని కార్ఖానా. అందులో బకెట్లు తీసే మిషన్, గోడ వెంబడి దానా బస్తాలు. దానా అంటే బియ్యం గింజలంత ప్లాస్టిక్ పలుకులు. మిషన్ వాటిని కరిగించి, ఇనుప అచ్చులోకి నెట్టి, చల్లార్చి, బకెట్‌ను బయటికి తోసేది. పొద్దున వచ్చిన మొదటి బకెట్‌ను శ్రీనాథ్ చెంపకు ఆనించుకునేవాడు. అది అప్పుడే పొయ్యి మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉండేది.

మధ్యాహ్నం బస్తాల మీద వెల్లకిలా పడుకుంటే దానా ఒంటి కింద ఇసుకలా జరిగి చోటిచ్చేది. రేకు చిల్లుల్లోంచి దిగే ఎండకు ఒక నీలం బకెట్‌ను అడ్డం పెట్టి చూసేవాడు. షెడ్డంతా నీళ్లలో మునిగినట్టుండేది. మిషన్ చేసే చప్పుడు, చెరువు అడుగున ఏదో పెద్ద చేప ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. అవతలి పక్క కనిపించేంత పలచటి నీలం, నీళ్లు పోస్తే నీళ్లో బకెటో తెలియని నీలం తీయాలని అతని కోరిక. ఎన్నాళ్లుగానో ఆ రంగు కోసమే పొడులు కలుపుతున్నాడు.

ఒకరోజు అన్నం ముందు రామలింగం ఆ సంగతి ఎత్తాడు.

"రెండు తరాలోళ్లం గల్లీ గల్లీ తిరిగి సంపాయించిన పేరురా ఇది. నువ్వేమో బకెట్లమ్మెటోని లెక్క కూసున్నవ్."

"బకెట్లు కూడ గల్లీ గల్లీ పోతయి గద బాపు."

"పోతయి. పోతే నా పేరుతోని పోవాలె. బోనాలకు బస్తీల ఇంటికో బకెట్ పంచుత. అడుగున నా పేరు కొట్టియ్యి. మంచిగొస్తే మిషన్ నడుపుకో. లేకుంటే దాన్ని అమ్మేసి నా ఎంబడి రా. నా తర్వాత ఆ కుర్చీ ఖాళీగ ఉండొద్దు."

శ్రీనాథ్ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆ కుర్చీలోంచి మిషన్ చప్పుడు వినిపించదని అతనికి తెలుసు.

అచ్చులు చెక్కే డానియేలు దుకాణం కార్వాన్‌లో. శ్రీనాథ్ అక్కడికి వెళ్లిన రోజే, దారిలో అతని నీలం అతనికి దొరికింది. గాజుల దుకాణం ముందు ఒక ఆడపిల్ల గాజును ఎండలోకి ఎత్తి చూస్తోంది. అదే రంగు. డానియేలు దుకాణంలో కూర్చున్నాడన్నమాటే గానీ మనసు ఆ గాజులోనే తిరుగుతోంది.

"పేరు ఎట్ల కొట్టాలె తమ్మీ, ఉల్టానే గద?" అన్నాడు డానియేలు.

"ఉల్టా ఏందన్నా, బాపు పేరు. సీదా కొట్టు."

"సోంచాయించి చెప్పు."

"సీదా అన్న గదా."

అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కితేనే వస్తువు మీద సరిగ్గా పడతాయి. ఆ సంగతి శ్రీనాథ్‌కు తెలియక కాదు. ఆ క్షణాన అతను అక్కడ లేడు, అంతే. డానియేలు భుజాలెగరేసి, సేటు చెప్పినట్టే సీదాగా చెక్కాడు.

ఆ గాజు రంగులోనే తీసిన బకెట్లు యాకుత్‌పురా ఇంటికి చేరాయి. వాకిట్లో జనం కూర్చుని ఉండగానే రామలింగం ఒకటి అందుకుని బోర్లించాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేం భాషరా?"

పక్కనున్న అనుచరుడు ఎల్లేష్ తొంగి చూశాడు. "ఉర్దూ అనుకోండి సార్. కుడిదిక్కు నుంచి చదివితే మీరే ఉన్నరు."

వాకిలంతా నవ్వింది. రామలింగం నవ్వలేదు.

"అవతలి పార్టీవోళ్లకు ఇగ పని లేకుంట చేసినవ్. ఉల్టా రామలింగం అని వాళ్లు పిలుసుడే తక్వ. రేపటిసంది షెడ్డుకు తాళం. తెల్ల అంగీ తొడుక్కొని నా ఎంబడి నడువు."

శ్రీనాథ్ వంగి బకెట్లను ఒకదాంట్లో ఒకటి పెట్టసాగాడు. తప్పు తనదేనని అతనికి తెలుసు. బకెట్లన్నీ తిరిగి ఆటోలోకి ఎక్కిస్తుంటే కోమలవల్లి లోపలి నుంచి వచ్చి ఒకటి లాక్కుంది.

"ఇంటికొచ్చిన కొత్త బకెట్. నీళ్లు పోసి పసుపు పెట్టకుంట ఎట్ల పంపుతరు?"

ఆమె మొదటి చెంబు పోసింది. బకెట్ లోపలి గరుకు తడిసి అద్దంలా తేటపడింది. రెండో చెంబుకు, ఆ నీలం అడుగున ఏదో కదిలింది. నీళ్లు కుదురుకునేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే నిద్ర లేచినట్టు పైకి తేలాయి. బయట తిరగబడిన పేరు లోపలి నుంచి చూస్తే సీదాగా ఉంది. నీళ్లు ఊగితే పేరు ఊగుతోంది, నీళ్లు నిలిస్తే నిలుస్తోంది.

"ఏమయ్యా, జర ఇటు రా," అంది కోమలవల్లి. "నీ పేరు ఈడుంది."

రామలింగం మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోడల మీద ఎన్నోసార్లు చూసుకున్న పేరే. ఇలా మెత్తగా, ఎవరో లోపలి నుంచి పిలుస్తున్నట్టు ఎప్పుడూ చూడలేదు. వేలు పెట్టి నీళ్లను కదిపి, మళ్లీ కుదురుకునేదాకా ఆగాడు.

"అచ్ఛా," అన్నాడు చివరికి. "పంచుదాం. షెడ్డు సంగతి పంచినంక చూస్త. నువ్వు మాత్రం రా, తెల్ల అంగీతోనే."

చాంద్రాయణగుట్ట వెనక బస్తీలో టెంటు వేశారు. డప్పులు మోగాయి. మొదటి బకెట్ కృష్ణమ్మ అందుకుంది. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి, మాట దాచుకోదు. బకెట్‌ను అటూ ఇటూ తిప్పింది.

"పేరు కొట్టించిన్రంట, ఏడుంది సారూ?"

"నీళ్లు పోయమ్మా, కనబడతది," అన్నాడు రామలింగం ముచ్చటగా.

"నీళ్లేడున్నయి? నల్లా రాక ఎన్నొద్దులాయెనో యాదికే లేదు. నువ్వు నీళ్లియ్యి, మేం నీ పేరు చదువుకుంటం."

వెనకనున్న ఆడవాళ్లంతా ఖాళీ బకెట్లలోకి తొంగి చూశారు. డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. రామలింగం కొడుకు భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు.

"నల్లా ఎప్పుడొస్తదో మా పిలగాడు చెప్తడు. ఇగ ఈ బస్తీని చూసుకునేది ఆయనే."

రేపే అనాలి. ఆ ఇంట్లో పుట్టిన ఎవరైనా రేపే అంటారు. శ్రీనాథ్ ఆ ఆడవాళ్ల వైపు చూశాడు. టెంటు సందుల్లోంచి పడ్డ ఎండ బకెట్లలోంచి జారి వాళ్ల మొహాల మీద నీలంగా ఊగుతోంది. ఆ రంగులో అబద్ధం ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

"నల్లా సంగతి నాకు తెల్వదమ్మా," అన్నాడు. "బకెట్ మాత్రం పగలదు."

కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈ పిలగాడు మంచోడే సారూ. ఈయనకు ఓటెయ్యం గానీ, బకెట్ కొంటం."

జీపులో ఇద్దరూ తిరుగు దారి పట్టారు. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రామలింగం కొడుకు వైపు తిరిగాడు. అతని మీసం కింద నవ్వు దాగడం లేదు.

"మూడు తరాలల్ల ఇంత చెడ్డ మాట ఎవ్వడు మాట్లాడలే. నిన్ను ఆ కుర్చీల కూసోబెడితే వారంల పార్టీ మునుగుతది. దిగు. పోయి నీ మిషన్ చూస్కో."

"మరి కుర్చీ బాపు?"

"కుర్చీకి ఎవడన్న దొరుకుతడు. నేను నల్లా ఆఫీసుకు పోవాలె. ఆ కృష్ణమ్మ నోరు ఊకోదు."

శ్రీనాథ్ షెడ్డు తెరిచి మిషన్ ఆన్ చేశాడు. అది వేడెక్కేదాకా బస్తాల మీద ఒరిగాడు. బయట బస్సులు ఫ్లైఓవర్ ఎక్కుతున్నాయి. ఇనుము మెల్లగా వెచ్చబడుతున్న వాసన వస్తోంది. ఎవరూ పిలవని ఆ సాయంత్రంలో అతను కళ్లు మూసుకున్నాడు.

గంతే బిడ్డా. ఇగ కలం పక్కకు పెట్టు. మన శ్రీనాథ్‌కు చేసుకుందామనుకుంటున్న కౌముది, పిలగాడు లీడరా సేటా అని నిన్ను ఫోన్ల అడిగిందంట గద. నువ్వు రేపు వాళ్లింటికి పోయినప్పుడు ఇది ఆ పిల్లను కూసోబెట్టి చదివి వినిపియ్యి. జర మెల్లగ చదువు.